ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క మాట అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను మల్కాజ్‌గిరిలో ఉంటాను. పద్నాలుగేళ్ల నుంచి ఇంట్లోనే కూర్చుని చుట్టుపక్కల చిన్న షాపులకి ట్యాలీలో లెక్కలు రాస్తున్నా, జీఎస్టీ రిటర్నులు వేస్తున్నా. రెండు కిరాణాలు, ఒక పెయింట్ల షాపు, ఒక మెడికల్ షాపు, లైనింగులూ జిప్పులూ అమ్మే ఇంకో షాపు, అంతే నా ఆఫీసు. ఎండాకాలం చివర్లో గాలివానకి చెట్లు విరిగి వైర్ల మీద పడ్డాయని, ఫలానా కాలనీలో రాత్రంతా కరెంట్ లేదని మీ పేపర్లో వార్తలు వస్తూనే ఉంటాయి, మంచిదే. కానీ ఆ కరెంట్ పోయి వచ్చిన మర్నాడు పొద్దున ఇంట్లో కంప్యూటర్ ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద ఇంగ్లీషులో రెండు లైన్లు వస్తాయే, వాటి గురించి ఎవరూ రాయట్లేదు. ఆ రెండు లైన్లు చూసి మనం ఏం చేస్తామో దాన్ని బట్టే మన ఫైళ్లు ఉంటాయో పోతాయో తేలేది. అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నా, మీరు తగ్గించి వేసుకున్నా పర్వాలేదు.

పోయినేడు మే నెల, తొమ్మిదో తేదీ రాత్రి. ఈదురుగాలి మొదలై అరగంటలో కరెంట్ మూడుసార్లు పోయింది, మూడుసార్లు వచ్చింది. నా యూపీఎస్ బ్యాటరీ అప్పటికే పోయి ఉంది, మార్పిద్దాం మార్పిద్దాం అనుకుంటూనే ఉన్నా. పదకొండో తేదీ లోపు జీఎస్టీఆర్ 1, అంటే అమ్మకాల రిటర్న్, వెయ్యాలి కాబట్టి కరెంట్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ ఆన్ చేసి కూర్చున్నా. పొద్దున లేచి స్విచ్ వేస్తే కంపెనీ గుర్తు కింద చుక్కలు తిరుగుతున్నాయి, వాటి కింద "స్కానింగ్ అండ్ రిపేరింగ్ డ్రైవ్ సీ" అని ఉంది, అంటే సీ డ్రైవ్‌ని చూసి బాగుచేస్తున్నానని, 11 శాతం. స్నానం చేసొచ్చా, 11. వంట అయిపోయింది, 11. ఇక ఆగలేక పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేసి మళ్లీ వేశా, మళ్లీ అదే 11 దగ్గర ఆగింది. అప్పుడు క్యాబినెట్ దగ్గర చెవి పెట్టి విన్నా. టిక్ మని ఒక చప్పుడు, తర్వాత గర్ర్ మని చిన్నగా తిరిగినట్టు, మళ్లీ టిక్. గోడ గడియారం లాగా సమంగా వస్తోంది. ఇంకోసారి ఆపి వేస్తే ఈసారి నీలం స్క్రీన్, "ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్" అని, అంటే విండోస్ ఉన్న డిస్క్ అందట్లేదని.

మా ఏరియాలోనే ఒక రిపేరు షాపుకి ఆటోలో పట్టుకుపోయా. షాపు పేరు రాయను, ఆ పిల్లాడి మీద నాకు కోపం లేదు, ఎందుకంటే చాలా షాపుల్లో పని అలాగే నడుస్తుంది. నేను చెప్పింది ఒకటే మాట, "తమ్ముడూ రేపటిలోగా రిటర్న్ వెయ్యాలి, తొందరగా కావాలి." సాయంత్రం ఫోన్ వచ్చింది. పోయి చూస్తే కంప్యూటర్ కొత్తదాని లాగా తళతళలాడుతోంది, డెస్క్‌టాప్ మీద రీసైకిల్ బిన్ ఒక్కటే ఉంది. "ట్యాలీ ఏది తమ్ముడూ" అని అడిగా. "మొత్తం కొట్టేసి కొత్త విండోస్ ఏసినం అక్కా, డేటా కావాలని మీరు చెప్పలేదు కదా" అన్నాడు.

బ్యాకప్ లేదా అని మీరు అడగొచ్చు. ఉంది, ప్రతి శనివారం తీసేదాన్ని, డీ డ్రైవ్‌లోకి. సీ వేరు, డీ వేరు అని ఇన్నేళ్లు నమ్మా. రెండూ ఒకే డిస్క్ మీద గీసిన రెండు గీతలని, ఒకే ఇంట్లో రెండు గదుల లాంటివని, ఇల్లు కూలితే రెండు గదులూ పోతాయని నాకు ఎవరూ చెప్పలేదు, ట్యాలీ నేర్పిన ఇన్‌స్టిట్యూట్‌లో కూడా చెప్పలేదు. ఆ అబ్బాయి విండోస్ వేసేటప్పుడు ఆ గదుల్లాంటి పార్టిషన్లన్నీ తీసేసి ఒకటే చేశాడు. ఆరు వందలు తీసుకున్నాడు. సరిగ్గా ఇరవై మూడు రోజులకి అదే టిక్ టిక్ మళ్లీ మొదలై ఆ డిస్క్ పూర్తిగా చచ్చిపోయింది, ఎందుకంటే పాడైంది విండోస్ కాదు, డిస్కే. పాడైపోతున్న డిస్క్‌కి ఫార్మాట్ కొడితే, అంటే ఉన్నదంతా తుడిచేస్తే, జ్వరం వచ్చిన వాడికి కొత్త చొక్కా తొడిగినట్టే.

ఆ మధ్యలోనే మా అక్క కొడుకు వచ్చి చూశాడు, వాడు అదే లైన్లో పని చేస్తాడు. డిస్క్ పూర్తిగా పోక ముందు ఒక రాత్రి దాన్ని బయటకు తీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలించి ఫోటోరెక్ అనే ఫ్రీ ప్రోగ్రామ్ నడిపాడు. కొన్ని పీడీఎఫ్‌లు, కొన్ని ఎక్సెల్ షీట్లు వచ్చాయి, పేర్లన్నీ పోయి నంబర్లతో వచ్చాయి, ఏది ఎవరిదో తెరిచి చూస్తే తప్ప తెలీదు. ట్యాలీ డేటా మాత్రం రాలేదు. అలాంటి ప్రోగ్రాములు తమకి తెలిసిన రకం ఫైళ్లనే గుర్తుపట్టగలవట, పైగా పాత డేటా ఉన్న చోట కొత్త విండోస్ కూర్చుంది కాబట్టి ఆ మేరకు అది పోయినట్టే. "పిన్నీ, ఫార్మాట్ కొట్టక ముందు నాకు ఫోన్ చేసుంటే చాలా వరకు తీసేవాణ్ణి" అన్నాడు. ఆ మాట విన్నాక నాలుగు రోజులు నిద్ర పట్టలేదు.

ఇక లెక్కలు. కిరాణా అన్న ఒక పాత బియ్యం సంచి నిండా బిల్లులు తెచ్చి మా వరండాలో పెట్టాడు, ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధేసింది. రాత్రి పూట కూర్చుని ఒక్కొక్కటీ మళ్లీ ఎక్కించా. హోల్‌సేల్ షాపుల్లో మెషిన్‌లోంచి వచ్చే సన్న బిల్లులు ఉంటాయి చూడండి, నున్నటి కాగితం మీద, అవి ఏడాది దాటినవి చాలా వరకు తెల్లగా అయిపోయాయి. ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగా పట్టుకుంటే "పామ్" అని రెండు అక్షరాలు కనిపిస్తాయి, అది పామాయిలా ఇంకేమన్నానా, ఎన్ని డబ్బాలో, రేటెంతో ఏమీ లేదు. కాగితం బిల్లు మాసిపోతుందని కదా మనం కంప్యూటర్లో ఎక్కించేది. చట్టం ప్రకారం జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు, అంటే ఆరేళ్లు దాచి ఉంచాలి. రేపు ఎవరైనా అడిగితే ఆ అన్న ఏం చూపించాలి, నేను ఏం చెప్పాలి.

ఇదంతా అయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నా, తెలిసిన మేరకు చెప్తాను.

ఆన్ చెయ్యగానే వచ్చే డిస్క్ ఎర్రర్లన్నీ ఒకటి కాదు, ముందు ఇది తెలియాలి. కొన్ని లెక్క తప్పినవి, కొన్ని డిస్క్ దెబ్బతిన్నవి, కొన్ని అసలు డిస్క్‌కి సంబంధమే లేనివి. విండోస్ ఒక ఫైల్ రాస్తూ ఉండగా కరెంట్ పోతే రాత సగంలో ఆగుతుంది. ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకున్న లిస్టుకీ అసలు సరుకుకీ తేడా వస్తుంది. ఆ తేడా కనిపెట్టినప్పుడు విండోస్ ఆ డ్రైవ్ మీద ఒక గుర్తు పెడుతుంది, డర్టీ బిట్ అంటారు, ఆ గుర్తు ఉంటే తర్వాత ఆన్ చేసినప్పుడు చెక్‌డిస్క్ అనే, డిస్క్‌ని సరిచూసే విండోస్ ప్రోగ్రామ్ దానంతటదే మొదలవుతుంది. ఇది షాపులో స్టాకు లెక్క సరిచూసుకోవడం లాంటిదే, భయపడాల్సింది కాదు, ఎన్నోసార్లు పది నిమిషాల్లో అయిపోయి మామూలుగా తెరుచుకుంటుంది. అది నడుస్తుంటే, క్యాబినెట్ మీద డిస్క్ లైటు మిణుకు మిణుకుమంటూ ఉంటే, వదిలెయ్యాలి. పెద్ద డిస్క్ అయితే గంటలు పట్టొచ్చు. మధ్యలో ఆపితే ఉన్న తేడా పెద్దదవ్వొచ్చు.

అయితే చెక్‌డిస్క్‌కి లెక్క సరిగ్గా ఉండటమే ముఖ్యం, మీ ఫైళ్లు కాదు, ఇది షాపుల్లో చెప్పరు. లెక్కకి కుదరని ముక్కల్ని తీసి "ఫౌండ్ డాట్ సున్నా సున్నా సున్నా" అనే ఫోల్డర్లో సీహెచ్‌కే ఫైళ్లుగా పడేస్తుంది. ఆ ఫోల్డర్ మామూలుగా కనిపించదు కూడా, దాచిన ఫైళ్లు చూపించమని సెట్టింగ్ పెడితేనే కనిపిస్తుంది. మా వీధిలో ఒకావిడ కూతురి పెళ్లి ఫోటోలు పోయాయని ఏడుస్తుంటే పోయి చూశా, కొన్ని ఆ ఫోల్డర్లోనే ఉన్నాయి, ఫైల్ పేరు చివర మార్చగానే తెరుచుకున్నాయి. అవి చెత్త ఫైళ్లని షాపుల్లో డిలీట్ చేసేవాళ్లు కూడా ఉన్నారు.

అందుకే నా మాట ఏమిటంటే, చెకింగ్ మొదలవ్వక ముందు కొన్ని సెకన్ల పాటు, ఏదైనా కీ నొక్కితే ఈ చెకింగ్ వద్దనుకోవచ్చు అని ఇంగ్లీషులో ఒక లైను వస్తుంది. డిస్క్‌లో మీకు కావాల్సినవి ఉండి ఇంకెక్కడా కాపీ లేకపోతే ఆ కీ నొక్కండి. విండోస్ తెరుచుకుంటే మొట్టమొదట మీ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకో బయటి డిస్క్‌లోకో ఎక్కించండి, ముందు చిన్నవి, ముఖ్యమైనవి. సినిమాలు తర్వాత. కాపీ అయ్యాక ఎన్ని గంటలైనా చెక్ చేయించుకోండి.

రెండో రకం, డిస్కే దెబ్బతినడం. లోపల పళ్లేలు నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతుంటాయి, వాటి మీద వెంట్రుక మందం కన్నా ఎన్నో రెట్లు తక్కువ ఎత్తులో, డేటా చదివే హెడ్ ఒకటి తేలుతూ ఉంటుంది. అది తగిలినా, చదవలేకపోయినా, వెనక్కి పోయి మళ్లీ వస్తుంది, నేను విన్న టిక్ అదే. డిస్క్ తన ఆరోగ్యం తానే రాసుకుంటుంది, దాన్ని స్మార్ట్ అంటారు. పాడైన చోటు బదులు స్పేర్‌గా ఉన్న చోటు ఎన్నిసార్లు వాడుకుందో, ఇంకా ఎన్ని చోట్లు చదవలేక పెండింగ్‌లో పెట్టిందో అందులో ఉంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఫ్రీ ప్రోగ్రామ్ పెట్టుకుంటే అది రంగుల్లో చూపిస్తుంది, నీలం ఉంటే మంచిది, పసుపు ఉంటే జాగ్రత్త, ఎరుపు ఉంటే పోయినట్టే. కొన్ని కంప్యూటర్లలో ఆన్ చెయ్యగానే "స్మార్ట్ స్టేటస్ బ్యాడ్, బ్యాకప్ అండ్ రీప్లేస్" అని వచ్చి ఎఫ్1 నొక్కమంటుంది. ఎఫ్1 నొక్కితే మామూలుగా తెరుచుకుంటుంది కాబట్టి రోజూ నొక్కేసి పని చేసుకునేవాళ్లని నేను చూశా, నెలల తరబడి. డిస్క్ రోజూ పొద్దున్నే "నా వల్ల కావట్లేదు, నీ సామాను తీసుకో" అని చెప్తుంటే మనం రోజూ సరేలే అని బటన్ నొక్కుతున్నాం. ఇలాంటి డిస్క్ మీద చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ అనే కమాండ్ అస్సలు నడపొద్దు, అది ప్రతి అంగుళం చదివి చూస్తుంది, ఆయాసపడుతున్న మనిషిని మెట్లెక్కించినట్టు. ముందు కాపీ. విండోస్ తెరుచుకోకపోతే, ఉబుంటు అని విండోస్ లాంటిదే ఫ్రీగా దొరుకుతుంది, అది వేసిన పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసి, ఇన్‌స్టాల్ కాకుండా ట్రై అనేది ఎంచుకుంటే, డిస్క్ మీద ఏమీ రాయకుండానే ఫోల్డర్లు చూడొచ్చు, బయటికి తీసుకోవచ్చు. అదీ రాక చప్పుడు గట్టిగా ఉంటే ఆపేసి పక్కన పెట్టడమే మంచిది. ఆన్ చేసిన ప్రతిసారీ ఇంకాస్త పోతుంది, నేను రెండుసార్లు ఆపి వేసి ఎంత పోగొట్టానో దేవుడికే తెలియాలి.

ఎస్‌ఎస్‌డీలైతే, అంటే లోపల తిరిగే పళ్లేలు లేని కొత్త రకం డిస్క్‌లైతే, చప్పుడే ఉండదు, చాలాసార్లు ఉన్నట్టుండి పోతాయి, ఫార్మాట్ కొట్టాక వాటిల్లోంచి తిరిగి రావడం దాదాపు కుదరదు.

మూడో రకం చూస్తే మనసు తేలికవుతుంది. మా పక్కింటి అంకుల్ రైల్వేలో రిటైరయ్యారు, వాళ్ల కంప్యూటర్ "రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్" (విండోస్ ఉన్న డిస్క్ దొరకలేదని అర్థం) అని చూపిస్తే కొత్త డిస్క్ కొనడానికి డబ్బులు తీసుకుని సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి బయల్దేరుతున్నారు. ఒక్క నిమిషం ఆగండంకుల్ అని పోయి చూస్తే వెనకాల పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంది, కంప్యూటర్ ముందు దాంట్లో విండోస్ వెతుకుతోంది. పీకేస్తే తెరుచుకుంది. మళ్లీ వారానికి అదే మెసేజ్, ఈసారి గడియారం ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తోంది. కంప్యూటర్ లోపల మదర్‌బోర్డ్ అనే పెద్ద పలక మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అని దాని మీదే రాసుంటుంది, అది అయిపోతే సెట్టింగులన్నీ మర్చిపోతుంది. అది మార్చి, డిస్క్ కేబుల్ తీసి గట్టిగా పెట్టి, సెట్టింగ్‌లో డిస్క్‌ని ముందు పెడితే సరిపోయింది. అంకుల్‌కి కొత్త డిస్క్ డబ్బులు మిగిలాయి, ఆయన డిస్క్‌లో ఉన్న ఫ్లాట్ కాగితాల స్కాన్లూ మిగిలాయి. ఇదే అంకుల్ నేను వెళ్లిన షాపుకే పోయుంటే ఏమయ్యేదో నాకు తెలుసు.

కొత్త ల్యాప్‌టాప్ వాళ్లకి ఇంకొక సంగతి. విండోస్ 11 చాలాసార్లు డిస్క్‌కి తనే తాళం వేసుకుంటుంది, బిట్‌లాకర్ అంటారు. మదర్‌బోర్డ్ మార్చినా, డిస్క్ తీసి వేరే దానికి పెట్టినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఈ రోజే చూసి కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

ఇన్వర్టర్ ఉందిగా అని ధైర్యంగా ఉండేవాళ్లకి: చాలా ఇన్వర్టర్లకి యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని ఒక చిన్న స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంట్ పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో ఫ్యాన్‌కి ఏమీ కాదు గానీ కంప్యూటర్ ఆగిపోవచ్చు. మా ఇంట్లో ఇన్వర్టర్ ఇప్పుడు యూపీఎస్ మోడ్‌లో ఉంది, యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేయించా, శనివారం బ్యాకప్ రెండు పెన్‌డ్రైవ్‌లలోకి పోతుంది, ఒకటి మా చెల్లెలింట్లో ఉంటుంది, కుషాయిగూడలో.

ఇక నేను అడగాలనుకున్నవి. రిపేరు షాపుల అన్నలకి, తమ్ముళ్లకి దండం పెట్టి చెప్తున్నా, మీరు ఇచ్చే రసీదు మీద "డేటా కావాలా, వద్దా" అని ఒక్క లైను అచ్చు వేయించండి, కస్టమర్ చేత టిక్ పెట్టించుకోండి. కావాలంటే కాపీ తీయడానికి వేరే చార్జీ వేసుకోండి, ఇస్తారు, నేనైతే ఆ ఆరు వందలకి ఆరింతలు సంతోషంగా ఇచ్చేదాన్ని. డేటాకి మా బాధ్యత లేదని గోడ మీద కాగితం అంటించడం కాదు, అడగడం కావాలి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది, 11 వేయించుకుందామని వచ్చే వాళ్లందరి విషయంలో కూడా ఈ ఒక్క ప్రశ్న అవసరమే. సర్వీసులో లోపం జరిగితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది, 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పొచ్చు, కానీ ఫిర్యాదుతో నా వోచర్లు, అంటే ట్యాలీలో ఎక్కించిన లెక్కలు, వెనక్కి రావు.

మిమ్మల్ని అడిగేది ఇంకొకటి. మాకు దగ్గర్లోనే ఉన్న ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1967 నుంచి ఉంది, ఈ దేశంలో కంప్యూటర్లు తయారుచేసిన మొదటి సంస్థల్లో అదొకటి. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. ఇలాంటి ఊళ్లో ఉండి కూడా కంప్యూటర్ ఆన్ చెయ్యగానే వచ్చే ఐదారు మెసేజ్‌లకి తెలుగులో అర్థం ఏంటో ఒక చోట రాసి ఉన్న కాగితం నాకు దొరకలేదు. విండోస్‌ని తెలుగులోకి మార్చుకోవచ్చు, కానీ విండోస్ రాక ముందు వచ్చే ఆ నల్ల స్క్రీన్ మాటలు ఇంగ్లీషులోనే ఉంటాయి, సరిగ్గా భయపడే సమయంలోనే అర్థం కాని భాష. ఏటా మే నెలలో, గాలివానలు మొదలయ్యే ముందు, పిడుగుపాటు జాగ్రత్తలు వేస్తారు కదా, అదే పేజీలో అరచెయ్యంత బాక్స్ కట్టి ఈ మెసేజ్‌లు, తెలుగులో వాటి అర్థం, ఏది వస్తే ముందు ఏం చెయ్యాలి అనేది వేయండి. కత్తిరించి సీపీయూ పక్కన అంటించుకునేలా ఉండాలి.

నాకు తెలిసినవి తొమ్మిది మెసేజ్‌లు ఒక తెల్లకాగితం మీద రాసి, మా అక్క కొడుకు చేత తప్పులు దిద్దించి ఈ ఉత్తరంతో జతచేస్తున్నా. ఆ కాగితం జిరాక్స్‌లు ఇప్పటికే కిరాణా అన్న గల్లాపెట్టె పైన, మెడికల్ షాపులో బిల్లింగ్ కంప్యూటర్ పక్కన అంటించి ఉన్నాయి. ఉత్తరం వేయడానికి చోటు లేకపోతే ఆ ఒక్క కాగితం వేసినా చాలు.

ఇట్లు
మీ పాఠకురాలు
మల్కాజ్‌గిరి, హైదరాబాద్